చప్పుడు ఆగితే లేచే ఒళ్లు

ఆ రోజు నాది పగటి పాలీ. సూరత్‌లో మేం షిఫ్టును పాలీ అంటాం, మరమగ్గాల షెడ్డును ఖాతా అంటాం. మరమగ్గాన్ని మాత్రం సిరిసిల్ల నుంచి తెచ్చుకున్న మాటతోనే సాంచె అంటాం. లింబాయత్‌లోని మా ఖాతాలో ఆ రొదకు మనిషి మాట మనిషికి వినపడదు. అంతా చేతులతోనే మాట్లాడుకుంటాం. నేను బయటికి పోవాలంటే పక్క వరసలో ఉన్న నర్సయ్యకు చెయ్యి ఊపుతాను. నేను వచ్చేదాకా నా సాంచెలు అతను చూస్తాడు. అతను పోయినప్పుడు అతనివి నేను చూస్తాను. ఏళ్ల తరబడి మా ఇద్దరికీ ఇదే ఒప్పందం.

ఆ రోజు అన్నం వేళకు ముందే మూడుసార్లు పోయి వచ్చాను. మళ్లీ చెయ్యి ఊపేసరికి నర్సయ్య చిటికెన వేలు పైకెత్తి కళ్లు పెద్దవి చేశాడు, మళ్లీనా అని. తల ఊపి పరుగెత్తాను. పోయి నిలబడితే నాలుగు చుక్కలు పడి ఆగిపోయింది. కడుపు కింద బరువు మాత్రం అలాగే ఉంది. లోపల ఇంకా ఉందని తెలుసు, రాదనీ తెలుస్తోంది. గోడకు చెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాను. ఏదో తేడా వచ్చిందని మొదటిసారి అనిపించింది అప్పుడే.

నా పేరు మల్లేశం. అప్పటికి నాకు అరవై రెండేళ్లు. ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చి, రేడియేషన్ తీసుకుని, ఇప్పుడు మళ్లీ పనిలో ఉన్నాను. నాలాంటి మగవాళ్లు ఈ జబ్బు గురించి బయటికి మాట్లాడరు. అందుకని నేను రాస్తున్నాను.

మా పనిలో నీళ్లు తాగకపోవడం ఒక విద్య. కండెలో నూలు అయిపోయినా, పోగు తెగినా సాంచె దానంతటదే ఆగుతుంది. ఆగిందంటే ఉరకాలి. ముడి వేయాలి, కండె మార్చాలి, మళ్లీ నడిపించాలి. ఊరికే బయటికి పోతూ ఉంటే ఇవన్నీ ఎవరు చేస్తారు? కాబట్టి ఎంత తక్కువ తాగితే అంత మేలని కుర్రతనంలోనే నేర్చుకున్నాం. అలా ఎండగట్టిన ఒంటికి మంట, ఎరుపు, ఆగి ఆగి రావడం కొత్త కాదు. "వేడి చేసింది" అని సరిపెట్టుకుంటాం. నేనూ అలాగే సరిపెట్టుకున్నాను.

ఒంట్లో దూరిన దొంగను ముందు పట్టుకున్నది నా భార్య రాజవ్వ. ఇంట్లో కూర్చుని చీరలకు లేసు కుడుతుంది. నా నిద్ర మీద ఆమెకు ఒక పాత వేళాకోళం ఉంది. రాత్రి పాలీ చేసి వచ్చి పగలు పడుకున్నప్పుడు కరెంటు పోయిందంటే, గల్లీలో అందరూ విసనకర్రలు వెతుక్కుంటారు. నేను మాత్రం కళ్లు మూసుకునే లేచి నిలబడతాను. ఫ్యాన్ చప్పుడు ఆగగానే ఏదో సాంచె ఆగిందని ఒళ్లు లేస్తుంది. అది ఇల్లని నాకు ఆ తర్వాత తెలుస్తుంది. "పండుకో అయ్యా, గిది ఇల్లు, ఖాతా గాదు" అని ఆమె నవ్వుతుంది. ఎన్నేళ్లయినా ఆమెకు ఆ నవ్వు పాతబడలేదు.

ఒక మధ్యాహ్నం అలాగే లేచాను. ఎలాగూ లేచాను కదా అని బాత్రూముకు పోయాను. కరెంటు వచ్చింది, ఫ్యాన్ తిరిగింది, ఆమె ఒక చీర అంచు మొత్తం కుట్టేసింది. నేను బయటికి రాలేదు.

"ఏం జేస్తున్నవ్ లోపల? ఇంత సేపా?" అని తలుపు కొట్టింది.

"వస్తలేదే."

"ఏం వస్తలేదు?"

"ఏం రావాల్నో అదే వస్తలేదు."

"ఎన్నొద్దుల సంది గిట్ల?" అంది తలుపు అవతలి నుంచి.

గల్లీ చివరి డాక్టరు ఇన్ఫెక్షన్ కావచ్చని మాత్రలిచ్చాడు. రాజవ్వ సబ్జా గింజలు, బార్లీ నీళ్లు మొదలుపెట్టింది. కొంచెం తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదటికి వచ్చేది. అలా రెండు మూడు నెలలు పోయాయి. చివరికి సూరత్‌లోనే ఇంకో పక్క వడోద్‌లో ఉండే మా బిడ్డ స్వప్న వచ్చింది. సూరత్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల. మాతో తెలుగు, మొగుడితో హిందీ, బజారులో గుజరాతీ. కోపం వస్తే మూడూ కలిపి మాట్లాడుతుంది.

"బాపూ, బహానా బంద్ చెయ్. రేపు పెద్ద దవాఖానకు పోతున్నం, బస్," అంది, సాకులు చాలని.

అక్కడ యూరాలజిస్టు ముందు సోనోగ్రఫీ తీయించాడు. తర్వాత వెనక నుంచి వేలితో పరీక్ష చేశాడు. ఆ పరీక్ష పేరు వింటేనే మగవాళ్లు పారిపోతారు. చెబుతున్నాను వినండి, అది అర నిమిషం పని. పన్ను పీకించుకోవడం దానికన్నా కష్టం. "ఎడమ పక్క గట్టిగా ఉంది. రక్తంలో పీఎస్ఏ చూద్దాం," అన్నాడు. పీఎస్ఏ పద్నాలుగు వచ్చింది. నాలుగు దాటితేనే అనుమానించాలట. ఎంఆర్ఐలో ఒక మచ్చ కనిపించింది. బయాప్సీ చేశారు. సూది దిగిన ప్రతిసారీ టక్కుమని చప్పుడవుతుంది. నొప్పి కంటే ఆ చప్పుడుకే నేను ఎక్కువ ఉలిక్కిపడ్డాను. రిపోర్టులో గ్లీసన్ ఏడు అని రాసి ఉంది, జబ్బు తీవ్రత చెప్పే లెక్కట అది.

డాక్టరు నన్ను చూసి నెమ్మదిగా చెప్పాడు. ఆయన మాట్లాడింది హిందీలో, నేను తెలుగులో రాస్తున్నాను. "క్యాన్సర్ ఉంది. కానీ గడప దాటినట్టు లేదు. ఇంకో స్కాన్ చేసి చూద్దాం."

భయం వేసింది. అయితే చావు భయం నాకు రెండోది. మొదటి భయం వేరే. మా ఖాతాలో ఒక పెద్దాయన ఉండేవాడు. ఏదో ఆపరేషన్ తర్వాత ఆయనకు మూత్రం మీద పట్టు పోయింది. లోపల గుడ్డలు చుట్టుకుని పనికి వచ్చేవాడు. వాసన వస్తుందని అన్నం దగ్గర ఒక్కొక్కరే జరిగి కూర్చునేవారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆయనే ఒకరోజు రావడం మానేశాడు. క్యాన్సర్ అనగానే నాకు యముడు కనపడలేదు, ఆయన ఒంటరిగా కూర్చుని రొట్టె తినడం కనపడింది. అలా బతకాల్సి వస్తే బతకనని మనసులో అనుకున్నాను. రాజవ్వకు మాత్రం చెప్పలేదు.

పీఎస్ఎంఏ పెట్ స్కాన్‌లో జబ్బు ఎక్కడికీ పాకలేదని తేలింది. అప్పుడు రేడియేషన్ డాక్టరు మేడమ్ దగ్గరికి పంపారు. ఆమె ఒక కాగితం మీద బొమ్మ గీసింది. "పైన బ్లాడర్, వెనక పేగు, నడుమ మీ ప్రోస్టేట్. దానికి గురిపెట్టి కొట్టాలి, పక్కవాటికి తగలకూడదు." ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఇదే కాబోలు అనుకున్నాను.

"ఇదివరకు వారాల తరబడి రోజూ కొంచెం కొంచెం ఇచ్చేవాళ్లం. ఇప్పుడు మెషిన్‌కు కన్ను వచ్చింది. ఎస్‌బీఆర్‌టీ అంటాం. రోజు విడిచి రోజు, ఐదు సిట్టింగులు. ప్రతిసారీ డోసు ఎక్కువ, చుట్టూ వదిలే అంచు మాత్రం కొన్ని మిల్లీమీటర్లే. అందుకే మీరు కదలొద్దు, లోపల ప్రోస్టేట్ కూడా కదలొద్దు," అంది.

"లోపలిదాన్ని నేనెట్ల ఆపాలె మేడమ్?" అని అడిగాను. స్వప్న హిందీలోకి మార్చి చెప్పింది.

మేడమ్ నవ్వింది. పేగు ఖాళీగా ఉండాలి, బ్లాడర్ నిండుగా ఉండాలి. అప్పుడు అది తన చోట తను ఉంటుంది. ఇంకా నమ్మకం కోసం ప్రోస్టేట్‌లో మూడు బంగారు గింజలు పెడతారు. మెషిన్ వాటిని చూస్తూ ఉంటుంది. అవి గీత దాటి జరిగితే దానంతటదే ఆగిపోతుంది. మళ్లీ చోటికి వస్తే మొదలవుతుంది. పోగు తెగితే ఆగే సాంచె గుర్తొచ్చి ఆ మెషిన్ మీద నాకు గురి కుదిరింది. ఆ ఆగడమే నా కొంప ముంచుతుందని అప్పుడు తోచలేదు.

ఆపరేషన్ కూడా మంచిదేనని, ఇరవై సిట్టింగుల రేడియేషన్ కూడా ఉందని ఆమె చెప్పింది. నేను అడగాల్సింది ఒక్కటే అడిగాను. "పట్టు పోతదా మేడమ్?" ఆమెకు అర్థమైంది. "గ్యారంటీ ఎవరూ ఇవ్వరు కాకా. దీనిలో ఆ అవకాశం తక్కువ." నేను ఐదు సిట్టింగులకు ఒప్పుకున్నాను. ఆరు నెలలు హార్మోన్ ఇంజెక్షన్ కూడా తీసుకోమన్నారు.

బంగారు గింజలు నూకల కన్నా చిన్నవి. సూదితో పెట్టి పంపించారు. ఇంటికి రాగానే రాజవ్వ చేతులు నడుముకు పెట్టుకుంది. "నలభై ఏండ్ల కాపురంల నాకు గీ పుస్తెలు తప్ప బంగారం లేదు. నీకు మాత్రం ఎవ్వలకు కనవడని తావుల మూడు పెట్టిండ్రు. మంచిగున్నది సంబడం!"

వారం తర్వాత సిమ్యులేషన్ అన్నారు, ముందుగా కొలతలు తీసుకోవడమట. కాళ్లు కదలకుండా ఒక అచ్చు చేశారు, ఒంటి మీద చిన్న చుక్కలు పొడిచారు. ఇంటి దగ్గర నీళ్ల సాధన చేయమన్నారు. బాత్రూముకు పోయి వచ్చి, అర లీటరు తాగి, ముప్పావు గంట ఆపుకోవాలి. వినడానికి తేలికే. బతుకంతా నీళ్లు వద్దన్న గొంతు ఒక్కసారి అర లీటరు దిగమంటే దిగుతుందా? సగం తాగేసరికి వాంతి వచ్చినంత పనయ్యేది. రాజవ్వ చెంబు పట్టుకుని ఎదురుగా కూర్చునేది. శనగలు, పల్లీలు, క్యాబేజీ బంద్. గ్యాస్ వస్తే ప్రోస్టేట్‌ను తోస్తుందట.

మొదటి సిట్టింగు రోజు వచ్చింది. చల్లటి గది, ఇంత మందం తలుపు. మెషిన్ నడిపే టెక్నాలజిస్టు పేరు హేతల్‌బెన్. "పాణీ పీధు, కాకా?" అని గుజరాతీలో అడిగింది, నీళ్లు తాగావా అని. తాగానన్నాను. బల్ల మీద పడుకోబెట్టి సర్దింది. "హిల్నా మత్, కదలొద్దు. ఇబ్బందైతే చెయ్యి ఎత్తండి, కెమెరాలో చూస్తుంటాం," అని బయటికి పోయింది. తలుపు మూసుకుంది. ముందు స్కాన్ చేశారు. తర్వాత మెషిన్ నా చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. జుయ్యిమని ఒకటే మోత. హాయిగానే ఉంది.

ఆ మోత ఆగింది.

నాకు తెలివి వచ్చేసరికి మోచేతుల మీద లేచి ఉన్నాను. ఒక కాలు అచ్చులోంచి బయటపడి బల్ల కిందికి వేలాడుతోంది. పైన స్పీకర్‌లో హేతల్‌బెన్ ఏదో అరుస్తోంది. సాంచెలు తిన్న నా చెవులకు అది చెవిటివాడి ముందు శంఖమే. ఆమె పరుగెత్తుకు వచ్చింది. "క్యా హువా కాకా? దర్ద్?" నొప్పి లేదు. ఏం జరిగిందో నాకే తెలిస్తే కదా చెప్పడానికి. మళ్లీ సర్దారు, మళ్లీ స్కాన్ చేశారు, మళ్లీ మొదలుపెట్టారు. గింజలు జరిగాయో ఏమో మెషిన్ మళ్లీ ఆగింది. నేను మళ్లీ లేచాను.

మూడోసారి సర్దుతుండగా నా బ్లాడర్ ఇక తట్టుకోలేకపోయింది. తొడల మీద వెచ్చగా తగిలింది. ఆపడానికి చూశాను, ఆగలేదు. హేతల్‌బెన్ మొహం తిప్పుకోలేదు, ముక్కు చిట్లించలేదు. ఒక గుడ్డ తెచ్చి కప్పింది. "కోయీ బాత్ నహీ. యహాఁ రోజ్ హోతా హై," అంది, పర్వాలేదు, ఇక్కడ రోజూ అయ్యేదే అని. ఆమె మంచితనం కూడా ఆ నిమిషంలో నాకు కష్టంగానే తగిలింది. ఆ రోజు మిగిలిన డోసు లెక్కగట్టి తర్వాత ఇస్తామన్నారు. రేపు ఇంట్లోవాళ్లను తీసుకుని రమ్మన్నారు.

ఇంటికి వచ్చి చొక్కా కూడా విప్పకుండా చెప్పేశాను. "నేనింక పోను. ఉన్నన్నొద్దులు ఉంట."

రాజవ్వ సూది చీరలో గుచ్చి పక్కన పెట్టింది. మెల్లగా మొదలుపెట్టింది, మెల్లగా ఆపలేదు. "నాలుగు చుక్కలు పడితె నీ పరువు పోయిందా? ముగ్గురు పిల్లలను కన్న. అప్పుడు గా దవాఖానల నాకేం పరువు మిగిలింది? నేనేమన్న ఇంటికొచ్చి ఇంకొకల్లను కననన్ననా? నీ పరువును తీస్కపోయి తాపీ నదిల కలుపు. నాకు నువ్వు గావాలె. తడిసినా సరే, నువ్వు గావాలె."

అంత కాపురంలో ఆమె నాతో అలాంటి మాట అనడం అదే మొదటిసారి. నేను చొక్కా విప్పడం మొదలుపెట్టాను.

మరునాడు ముగ్గురం పోయాం. మేడమ్ దాచలేదు. "ఇలా లేస్తుంటే ఐదు సిట్టింగులు కుదరవు. గురి తప్పితే అంత డోసు బ్లాడర్‌కో పేగుకో తగులుతుంది. ఇరవైకి మారాల్సి ఉంటుంది. దానిలో అంచు వెడల్పు పెడతాం, చుట్టుపక్కల కొంత ఎక్కువ తగలొచ్చు. అసలు ఎందుకు లేస్తున్నారు? భయమా?"

"తెల్వది మేడమ్. భయం లేదు. ఒళ్లే లేస్తున్నది."

ఏ పట్టు కోసం ఈ వైద్యం ఎంచుకున్నానో అది చేజారుతోంది. వెనక కుర్చీలో ఉన్న రాజవ్వ అప్పుడు నోరు విప్పింది. ఆమెకు హిందీ రాదు, డాక్టర్ల ముందు మాట్లాడే అలవాటూ లేదు.

"బిడ్డా, గా మిషిన్ నడిచేటప్పుడు చప్పుడైతదా అడుగు."

స్వప్న అడిగింది. అవుతుందన్నారు.

"నడుమ ఆగితె చప్పుడు గూడ బందైతదా?"

అవునన్నారు. రాజవ్వ నుదురు కొట్టుకుంది. "అయ్యో, గింతేనా! ఫ్యాన్ ఆగితెనే లేసి నిలవడె మనిషి, మిషిన్ ఆగితె పండుకుంటడా? సాంచె ఆగిందనుకుంటున్నడమ్మా ఈయన!"

స్వప్న నవ్వు ఆపుకుంటూ అదంతా హిందీలో చెప్పింది. మేడమ్ ఫైలు తీసి చూసింది. పని అన్నచోట లేబర్ అని ఉంది. "లూమ్ అని ఎవరూ చెప్పలేదే," అంది. "ఎవ్వరు అడగలే," అన్నాను. ఆమె పెద్దగా నవ్వింది. నేను సిగ్గుతో తల దించుకున్నాను. కానీ నిన్నటి నుంచి గుండె మీద ఉన్న బండ దిగింది. నాకు పిరికితనం లేదు, నా ఒంటికి పని అలవాటుంది, అంతే.

కొందరికి ఆ గదిలో పాటలు పెడతారట. "పాటలు ఈయనకు వినపడవు మేడమ్. ఖాతా చప్పుడు పెడితే? అది బంద్ కాదు కదా, బాపు లేవడు," అంది స్వప్న. మేడమ్ సరేనంది. ముందు రేడియేషన్ లేకుండా పడుకోబెట్టి చూద్దాం, నిలిస్తేనే మొదలుపెడదాం అంది.

ఆ చప్పుడు ఎక్కించింది నర్సయ్య. నా సాంచెల నడుమ కిటికీ మీద ఫోన్ పెట్టాడు. రికార్డింగు నడిచినంత సేపూ ఒక్క సాంచె కూడా ఆగకూడదు. ఏ కండె ఖాళీ కాబోతున్నా ముందే మార్చుతూ, నావీ తనవీ చూసుకుంటూ ఆ చివర నుంచి ఈ చివరకు ఉరికాడట. సాయంత్రం ఇంటికి వచ్చి ఫోన్ చేతిలో పెట్టాడు.

"బావా, ఒక్కటి గూడ ఆగనియ్యలే. నడుమల నాకు గట్టిగ వచ్చింది. నువ్వు ఆపుకొని పండుకుంటున్నవ్ గదా, నేను గూడ ఆపుకొని నిలవడ్డ."

ఆ మాటకు నవ్వాను. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాను.

తర్వాతి సిట్టింగులో మళ్లీ అదే బల్ల. తలుపు మూసుకోగానే స్పీకర్లో మా ఖాతా మొదలైంది. టకా టకా టకా టకా. కళ్లు మూసుకుంటే నా వరసల మధ్య నిలబడ్డట్టే ఉంది. రేడియేషన్ లేకుండా కాసేపు చూసి, నేను కదలడం లేదని రూఢి చేసుకున్నాక మెషిన్ తిప్పారు. నడుమ ఒకచోట దాని మోత ఆగింది, నాకు తెలిసింది. కానీ సాంచెలు నడుస్తూనే ఉన్నాయి. నర్సయ్య ఒక్కటి కూడా ఆగనివ్వలేదు కదా. నా ఒళ్లు లేవలేదు. కాసేపటికి గింజలు చోటికి వచ్చాయేమో, మోత మళ్లీ మొదలైంది.

హేతల్‌బెన్ వచ్చి భుజం తట్టి, "హో గయా కాకా" అని, అయిపోయిందని చెప్పేదాకా నాకు తెలియదు. కన్ను అంటుకుంది. ఆమె ఒక చెవిలో వేలు పెట్టుకుని ఉంది. "ఇంత చప్పుడులో మీరు ఎలా పనిచేస్తారు? బయట మా అందరికీ తలనొప్పి వచ్చింది," అంది. నేను లేచి, నడిచి, బాత్రూము దాకా ఆపుకుని పోయి తలుపు వేసుకున్నాను. అంత సంతోషంగా ఆ పని నేను ఎప్పుడూ చేయలేదు.

మిగిలిన సిట్టింగులు అలాగే గడిచాయి. ఒకరోజు మాత్రం పక్కింటివాళ్లు ప్రసాదమని పెట్టిన శనగలు కాదనలేక తిన్నాను. స్కాన్‌లో పేగు నిండా గ్యాస్ కనిపించింది. దింపేసి, వరండాలో అటూ ఇటూ నడిపించి, మళ్లీ ఎక్కించారు. రాజవ్వ తిట్లు ఆ నడకకు తోడు.

ఐదూ అయ్యాక అంతా అయిపోయిందనుకోకండి. రెండు మూడు వారాలు మూత్రంలో మంట, మాటిమాటికీ పోవాల్సి రావడం, నీరసం. దారి తేలిక కావడానికి మాత్రలిచ్చారు. బాత్రూముకు చేరేలోపు చుక్కలు జారిన రోజులూ ఉన్నాయి. అప్పుడు ఆ పెద్దాయన మళ్లీ గుర్తొచ్చేవాడు. మేడమ్‌కు ఫోన్ చేస్తే, "ఇది వాపు, తగ్గుతుంది, ఓపిక పట్టండి," అంది. నెల దాటాక తగ్గింది. నిజంగానే తగ్గింది.

హార్మోన్ ఇంజెక్షన్ మరో తమాషా. ఉన్నట్టుండి ఒంట్లోంచి ఆవిర్లు లేచి చెమటతో తడిసిపోయేవాణ్ణి. "గిదేందే గిట్లయితున్నది" అంటే రాజవ్వ తాపీగా చూసింది. "నాకు ముట్టు ఆగినప్పుడు గిట్లనే అయింది. అప్పుడు నువ్వేమన్నవ్? ‘తలుపు తియ్, గాలొస్తది’ అన్నవ్." అని పోయి తలుపు తీసింది. తర్వాత తడి గుడ్డ తెచ్చి మెడ తుడిచింది. నేను ఆమెకు అది కూడా చేయలేదు.

మూడు నెలలకు పీఎస్ఏ ఒకటి లోపుకు దిగింది. ఇంజెక్షన్ ఆపిన తర్వాత కూడా తక్కువగానే ఉంది. "పోయింది అని ఇప్పుడే అనను. బాగుంది అంటాను. పరీక్షలు మాత్రం మానొద్దు," అని మేడమ్ అన్న మాటే నేను అందరికీ చెబుతాను. మూత్రం మీద నా పట్టు నాకే ఉంది. అన్నం దగ్గర నా పక్కన మనుషులు కూర్చుంటున్నారు.

ఇప్పుడు పగటి పాలీ మాత్రమే చేస్తున్నాను, మునుపటిలో సగం సాంచెలు. సాంచె చట్రానికి నీళ్ల సీసా వేలాడుతుంటుంది. వచ్చినప్పుడు చిటికెన వేలు ఎత్తి దర్జాగా పోయి వస్తాను. ఇంట్లో కరెంటు పోతే ఇప్పటికీ లేచి నిలబడతాను. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటుంది రాజవ్వ.

ఈ మధ్య ఒకరోజు నర్సయ్య నాకు చెయ్యి ఊపి పోయాడు. కాసేపటికే మళ్లీ ఊపాడు. మరి కాసేపటికి మళ్లీ. ఈసారి ఎంతకీ రాకపోతే పోయి చూశాను. గోడకు చెయ్యి ఆనించి నిలబడి ఉన్నాడు. ఆ నిలబడడం నాకు తెలుసు.

"ఎన్నొద్దుల సంది గిట్ల?" అని అడిగాను.

"ఏం లేదు బావా, జర వేడి చేసినట్టున్నది."

లోపలికి వచ్చాను. అన్నీ బాగానే నడుస్తున్నాయి, ఒక్క పోగు కూడా తెగలేదు. ఒక్కొక్కటిగా నావీ అతనివీ అన్ని సాంచెలూ నా చేతులతోనే ఆపేశాను. నడిచే సాంచెను పని మధ్యలో ఆపడం నా బతుకులో అదే మొదలు. మా వరసల చప్పుడు ఆగగానే గోడ దగ్గర ఉన్నవాడు ఉరికి వచ్చాడు, వస్తాడని తెలుసు. వచ్చినవాణ్ణి వచ్చినట్టే చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించాను. పరీక్షలు చేయించాం. అతనికి క్యాన్సర్ లేదు. ప్రోస్టేట్ కొంచెం పెరిగింది, మాత్రలు వాడుతున్నాడు.

చదువుతున్న మగవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. యాభై దాటాక మూత్రం ఆగి ఆగి వస్తుంటే వేడి అనుకుని కూర్చోకండి. డాక్టరు దగ్గరికి పోయి పీఎస్ఏ సంగతి మీరే అడగండి. సాంచె ఆగితే నిద్రలోంచి లేచి ఉరికినవాణ్ణి, నా ఒంట్లో ఆగితే నెలల తరబడి నిలబడి చూశాను. మీరు ఉరకండి.